రక్తనాళాల జబ్బుల మీద పరిశోధన చేసే డాక్టర్లకు, విజయనగరం మందుల షాపు నుంచి

గుండె, రక్తనాళాల జబ్బుల మీద క్లినికల్ పరిశోధన చేస్తున్న డాక్టర్లకు, ఆ పరిశోధనలకు అనుమతి ఇచ్చే ఎథిక్స్ కమిటీల సభ్యులకు నమస్కారం.

నేను విజయనగరంలో మందుల షాపు నడుపుతున్నాను. బీ ఫార్మసీ చదివాను, అంతే. డాక్టర్ని కాదు, పరిశోధకురాలిని అసలే కాదు. అయితే మీరు రాసే చీటీ ఎక్కడ రాసినా చివరికి మాలాంటి వాళ్ళ కౌంటరు మీదికే వస్తుంది. అందులో ఏది పూర్తిగా కొన్నారు, ఏది "నాలుగు బిళ్ళలు చాలు, కత్తిరించి ఇయ్యమ్మా" అన్నారు, ఏది ధర అడిగి వదిలేసి వెళ్ళిపోయారు అన్నది మాకు తెలిసినంతగా మీకు తెలిసే వీల్లేదు. ఆ తెలిసిన దాంట్లోంచే ఈ ఉత్తరం రాస్తున్నాను.

అడగాల్సింది ముందే అడిగేస్తాను. కాళ్ళలో సిరలు ఉబ్బి, చీలమండ పైన పుండు పడి, అది మానక ఏళ్ళ తరబడి తిరిగే వాళ్ళ కోసం విజయనగరం, శ్రీకాకుళం జిల్లాల్లో ఒక సరైన ట్రయల్, అంటే రోగుల మీద వైద్యాల్ని పోల్చి చూసే పరిశోధన, పెట్టండి. వాళ్ళు ఎలా ఉన్నారో అలాగే చేర్చుకునే ట్రయల్ కావాలి.

గుండెపోటుకి అందరూ పరిగెడతారు, పరిగెత్తాలి కూడా. కాలి పుండుకి ఎవరూ పరిగెత్తరు. అది ప్రాణం తియ్యదు కాబట్టి పేపర్లో రాదు, ఎవరి ఉపన్యాసంలోనూ వినపడదు. మనిషిని మాత్రం పనిలోంచి తీసేస్తుంది. మా దగ్గర ఎవరికి వస్తోందో చూస్తే కారణం వెతుక్కోనక్కర్లేదు: జూట్ మిల్లులో షిఫ్టంతా నిలబడిన వాళ్ళు, హోటల్లో పొయ్యి దగ్గర వంట మాస్టర్లు, బట్టల షాపు సేల్స్ గాళ్స్, సెక్యూరిటీ గార్డులు, నాట్లప్పుడు పొద్దస్తమానం మడిలో నడుం వంచి నిలబడే ఆడవాళ్ళు. నిలబడి ఉన్నప్పుడు చీలమండ దగ్గర సిరల్లో ఒత్తిడి 80, 90 మిల్లీమీటర్ల పాదరసం దాకా ఉంటుంది. నడిస్తే పిక్క కండరం రక్తాన్ని పిండి పైకి తోస్తుంది కాబట్టి ఆ ఒత్తిడి ముప్పైకి దిగువకి పడిపోతుంది. సిరల్లోని కవాటాలు చెడిపోయాక నడిచినా అది దిగదు. రక్తం కిందే నిలిచిపోయి చర్మం నల్లబడుతుంది, చెక్కలా గట్టిపడుతుంది, దురద పెడుతుంది. ఒక రోజు ఏ గడ్డి పరకో గీరుకుంటుంది, అక్కడ పుండు మొదలవుతుంది. ఇదంతా మీకు తెలిసిందే. చదివే మిగతా వాళ్ళ కోసం రాశాను.

దీనికి మీరు రాసే మొదటి వైద్యం బిగుతు స్టాకింగ్స్. మా ఊళ్ళో వాళ్ళు సాక్సులంటారు. ఈ ఏడాది నాట్ల ముందు గంట్యాడ వైపు నుంచి ఒకావిడ చీటీ పట్టుకుని వచ్చింది. క్లాస్ 2, ఏడీ, ఒక జత అని ఉంది. మోకాలి దాకా వచ్చే రకం, చీలమండ దగ్గర 23 నుంచి 32 మిల్లీమీటర్ల ఒత్తిడి పెట్టేది. స్టూలు మీద కూచోబెట్టి టేపు తీశాను. కొలత పొద్దున్నే, కాలు వాయకముందు తియ్యాలి. ఆవిడ రెండు బస్సులు మారి వచ్చేసరికి మధ్యాహ్నం పన్నెండు దాటింది, చీలమండ అప్పటికే వాచిపోయి ఉంది. "రేపు పొద్దున్నే రావాలమ్మా" అన్నాను. "పొద్దున్నే వొచ్చే బస్సేదమ్మా మాకు?" అంది. సరే, వాపుని లెక్కలోకి తీసుకుని ఒక సైజు అనుకుని తొడిగి చూశాం. కాలి వేళ్ళకి మట్టెలు. వేళ్ళు బయటికి ఉండే రకమే అయినా, లాగుతుంటే మట్టెకి పట్టుకుని దారం లేచింది. మట్టెలు తియ్యమంటే నా ముఖంలోకి ఒక చూపు చూసింది, అంతే. తర్వాత పట్టీలు. తర్వాత మడమ పగుళ్ళు, వాటి అంచుకి కూడా గుడ్డ తగులుకుంటుంది. మా షాపు అమ్మాయి, నేను చెరో పక్క లాగి మోకాలి దాకా తెచ్చేసరికి ముగ్గురికీ చెమటలు పట్టాయి.

అప్పుడు ఆవిడ అడిగింది: "ఇది ఏసుకుని మడిలోకి ఎలాగ దిగుతానమ్మా?"

నా దగ్గర జవాబు లేదు. మీ దగ్గర ఉందా? నాకు తెలిసి ఈ ప్రశ్నని ఎవరూ ట్రయల్ పెట్టి అడగలేదు. జత ధర రకాన్ని బట్టి వెయ్యి నుంచి మూడు వేల పైదాకా ఉంది. రోజూ వేసుకుంటే ఆరు నెలలకే సాగిపోయి పట్టు పోతుంది, మళ్ళీ కొనాలి. మంచం కాళ్ళ వైపు ఇటుకలు పెట్టి ఎత్తు చేసుకోమని కూడా చీటీ మీద రాసి ఉంది. చాప మీద పడుకునే మనిషికి ఇటుకలు ఎక్కడ పెట్టాలో రాయలేదు.

ఇప్పుడు మీ వైపు సంగతి చూద్దాం. ఈ పుండ్ల మీద మంచి పరిశోధన లేదని నేను అనడం లేదు. 2018లో ఇంగ్లండు వాళ్ళు ప్రచురించిన ఎవ్రా ట్రయల్ ఉంది. బ్రిటన్లో 20 ఆసుపత్రులు, 450 మంది. పుండు మానాక చూద్దాంలే అని ఆగకుండా, రెండు వారాల్లోనే చెడిన సిరని లేజరుతోనో ఫోమ్ ఇంజెక్షన్‌తోనో మూసేస్తే పుండు ఎంత త్వరగా మానుతుందని పరీక్షించారు. తొందరగా చేసిన వాళ్ళలో సగం మందికి 56 రోజుల్లో మానింది, ఆగి చేసిన వాళ్ళలో 82 రోజులు పట్టింది. చాలా మంచి ఫలితం. కూలి మనిషికి ఇరవై ఆరు రోజులంటే దాదాపు నెల కూలి.

కానీ ఆ ట్రయల్లో ఎవరిని చేర్చుకున్నారో ఒకసారి చూడండి. పుండు పడి ఆరు వారాల నుంచి ఆరు నెలల లోపే అయి ఉండాలి. మా దగ్గరికి వచ్చే వాళ్ళు పసుపు, ఆకు పసరు, ఆరెంపీ ఇచ్చిన పౌడరు అన్నీ అయ్యాక, రెండేళ్ళకో మూడేళ్ళకో రక్తప్రసారం చూసే డాప్లర్ స్కాన్ దాకా వెళ్తారు. కాలి ధమనుల్లో రక్తప్రసారం బాగుండాలి, అంటే చీలమండ బీపీని చేతి బీపీతో భాగిస్తే 0.8కి తగ్గకూడదు. రెండు గుంపుల వాళ్ళూ కట్టు కట్టించుకోవాలి లేదా స్టాకింగ్స్ వేసుకోవాలి. అక్కడి రోగుల సగటు వయసు డెబ్బైకి దగ్గర, మా వాళ్ళు నలభైల్లో ఉంటారు, ఇంకా ఇరవై ఏళ్ళు పని చెయ్యాలి. ఆ 450 మందిని తేల్చడానికి వాళ్ళు 6,500 మందికి పైగా రోగుల్ని చూశారు. అందులో తప్పు పట్టడానికేమీ లేదు. ట్రయల్ అంటే ఒక ప్రశ్నకి సూటిగా జవాబు కావాలి, దానికి గీత గియ్యాలి. గీసిన గీతకి అవతల మిగిలిపోయిన వాళ్ళే మా కౌంటరు దగ్గర నిలబడ్డారు, నా గొడవ అది.

ఆ 0.8 దగ్గర కాసేపు ఆగాలి. ఉత్తరాంధ్రలో అడ్డచుట్ట గురించి మీకు చెప్పనక్కర్లేదు. నిప్పు వైపు నోట్లో పెట్టుకుని కాల్చే అలవాటు, ముఖ్యంగా పెద్దవయసు ఆడవాళ్ళలో. దాని మీద విశాఖ నుంచి శ్రీకాకుళం దాకా నోటి క్యాన్సర్ డాక్టర్లు దశాబ్దాలుగా పరిశోధన చేశారు. అదే పొగ కాళ్ళ ధమనుల్ని ఏం చేస్తోందో చూసేవాళ్ళు నాకు కనబడలేదు. పైన షుగర్ కూడా ఉంటుంది. అలాంటి కాలికి సిర కూడా చెడింది, ధమని కూడా సన్నబడింది అనుకోండి, గట్టి కట్టు కడితే కాలు బాగుపడదు సరికదా వేళ్ళు నల్లబడే ప్రమాదం ఉంది. అందుకే కట్టే ముందు ఆ లెక్క చూడాలంటారు. దానికి చేతిలో పట్టే చిన్న డాప్లర్, బీపీ కఫ్ ఉంటే చాలు. ఎంత మంది చీటీల మీద ఆ అంకె చూశానో అడగకండి. క్లాస్ 2 రాసిన చీటీ వస్తే, ముందు పాదం చల్లగా ఉందా, నడిస్తే పిక్క పట్టేస్తోందా, చుట్ట అలవాటుందా అని నేనే అడుగుతాను. అనుమానం వస్తే అమ్మకుండా తిరిగి డాక్టరు దగ్గరికి పంపుతాను. ఇది నా పని కాదు.

బోదకాలు గొడవ వేరే ఉంది. మా రెండు జిల్లాలూ ఫైలేరియా ఉన్న జిల్లాలే, ఏటా మాత్రలు మింగించిన జిల్లాలే. దాంతో కాలు వాస్తే చాలు బోదకాలని ఊరు ఖాయం చేసేస్తుంది, పెళ్ళి కావాల్సిన పిల్లయితే ఇంట్లోంచే బయటికి రాదు. నిజంగా బోదకాలు ఉన్న వాళ్ళలో కొందరు సిరల జబ్బు అనుకుని తిరుగుతారు. రెండూ కలిసి ఉన్న కాలు ఉండదా? దాని సంగతి ఏ పుస్తకంలో రాశారు?

"బయట దేశాల్లో రుజువైపోయింది, మళ్ళీ ఇక్కడ ఎందుకు, డబ్బు దండగ" అని మీలో కొందరు అంటారేమో. దానికి మీ గుండె డాక్టర్ల దగ్గరి నుంచే జవాబు తెచ్చాను. చిన్నప్పుడు కీళ్ళవాతం జ్వరం వచ్చి గుండె కవాటం చెడిన వాళ్ళు మన దగ్గర ఇంకా ఉన్నారు. వాళ్ళలో గుండె లయ తప్పితే రక్తం గడ్డకట్టకుండా వార్ఫరిన్, అసిట్రోమ్ లాంటి పాత మందు ఇస్తారు, రక్తం ఎంత సేపటికి గడ్డకడుతోందో చూసే ఐఎన్ఆర్ పరీక్ష మాటిమాటికీ చేయించుకోవాలి. ఆ పరీక్ష బెడద లేని కొత్త మాత్రలు వచ్చాయి. అంతకు ముందు జరిగిన పెద్ద ట్రయల్స్‌లో అవి పాతవాటికి దీటుగానో ఇంకా మెరుగ్గానో ఉన్నాయని తేలింది, కానీ ఆ ట్రయల్స్‌లో ఈ రకం కవాట జబ్బు బాగా ముదిరిన వాళ్ళని చేర్చుకోలేదు. వీళ్ళకీ అలాగే పని చేస్తుందిలే అనే అనుకున్నారు చాలా మంది. ఇన్విక్టస్ అనే ట్రయల్ ఆఫ్రికా, ఆసియా, లాటిన్ అమెరికాల్లో 24 దేశాల్లో నాలుగున్నర వేల మంది మీద ఆ కొత్త మాత్రల్లో ఒకటైన రివరాక్సబాన్‌ని పాత మందుతో పోల్చి చూసింది. 2022లో ఫలితం వచ్చింది. పాత మందు తీసుకున్న వాళ్ళలోనే చావులు తక్కువ. ఆ రోగుల్నే తీసుకుని చూడకపోయి ఉంటే? ఇవాళ నేను ఆ కొత్త మాత్రలు స్ట్రిప్పుల కొద్దీ అమ్ముతూ, మంచి పని చేస్తున్నానని అనుకుంటూ ఉండేదాన్ని.

మన తెలుగు నేల మీద కూడా జరగనిది కాదు. గోదావరి జిల్లాల్లో 45 పల్లెల్లో 2003, 2004 నాటికే ఎవరు దేనితో పోయారని ఇల్లిల్లూ అడిగి రాశారు. అందులో దాదాపు మూడో వంతు చావులు గుండె, రక్తనాళాల జబ్బులవే. పల్లెల్లో ఇవి ఉండవు, ఇవి పట్నం జబ్బులు అనే మాటకి అప్పుడే కాలం చెల్లింది. మా జిల్లాల్లో ఇప్పుడు శ్రీకాకుళంలో ప్రభుత్వ మెడికల్ కాలేజీ ఉంది, 2023లో విజయనగరానికీ ఒకటి వచ్చింది, రాగోలులో, నెల్లిమర్లలో ప్రైవేటు కాలేజీలు ఉన్నాయి. పీజీ పిల్లలు థీసిస్‌ల కోసం అంశాలు వెతుక్కుంటారు. అంశం ఓపీ బయట బెంచీ మీద కాలు చాపుకుని కూచునే ఉంది.

స్టాకింగ్స్ సంగతే ఇంకో మాట. కెనడా, అమెరికాల్లో 2014లో సాక్స్ అనే ట్రయల్ వచ్చింది. కాలి లోపలి సిరలో గడ్డకట్టిన 806 మందిలో సగం మందికి అసలు స్టాకింగ్స్, సగం మందికి పట్టులేని ఉత్తుత్తివి ఇచ్చి రెండేళ్ళు చూశారు. తర్వాత వచ్చే కాలి బాధల్లో తేడా ఏమీ కనబడలేదు. ఇది పుండుకి సంబంధించింది కాదు, ఆ రెండూ కలిపి గందరగోళం చెయ్యను. పుండు మానడానికి కట్టు పనికొస్తుందనే రుజువు గట్టిగానే ఉంది. నా కళ్ళు ఆగింది వేరే చోట: రెండేళ్ళు తిరిగేసరికి వారంలో మూడు రోజులైనా తొడుక్కునే వాళ్ళు సగానికి కాస్త ఎక్కువ మందే మిగిలారు. ఆ చలి దేశాల్లో, బూట్లు తొడుక్కునే జనంలో. మే నెలలో మా బొబ్బిలిలోనో ఆమదాలవలసలోనో ఎంత మంది మిగులుతారో లెక్క కట్టండి.

కాబట్టి ట్రయల్ పెడితే మా ప్రశ్నలతో పెట్టండి. పని నుంచి వచ్చి కాళ్ళు కడుక్కున్నాక, సాయంత్రం నుంచి పడుకునే దాకా మాత్రమే కట్టుకుంటే ఎంత లాభం, ఎంత నష్టం? నర్సు నేర్పిస్తే ఇంట్లో కోడలో కూతురో రెండు మూడు వరసల క్రేప్ బ్యాండేజీ సరిగ్గా కట్టగలదా? పుండు పడి మూడేళ్ళయిన కాలికి సిర మూసేస్తే, ఆ తర్వాత స్టాకింగ్స్ వదిలెయ్యొచ్చా? నాకైతే ఈ చివరిది అన్నిటికన్నా ముఖ్యం. దీనికి అవునని జవాబొస్తే ఒక్కసారి ఖర్చుతో పోతుంది, కాదని వస్తే కనీసం ఎందుకు తొడుక్కోవాలో గట్టిగా చెప్పగలం. ఫలితాన్ని పుండు విస్తీర్ణంలో కొలుస్తారు, కొలవండి. దాంతో పాటు ఎన్ని రోజులకి పనిలోకి దిగారో కూడా రాయండి. రోగి అడిగేది అదొక్కటే.

ఫాలోఅప్ తేదీలు వేసేటప్పుడు ఇంగ్లిష్ క్యాలెండర్ ఒక్కటే చూడకండి. నాట్లప్పుడు, కోతలప్పుడు ఎవరూ రారు. పైడితల్లి సిరిమానోత్సవం వారం విజయనగరంలో అడుగు పెట్టే చోటుండదు. సంక్రాంతికి మాత్రం చెన్నై, హైదరాబాద్ పనులకి పోయిన వాళ్ళు కూడా ఊళ్ళో ఉంటారు. శ్రీకాకుళం తీరం నుంచి గుజరాత్ వెరావల్ వెళ్ళే మత్స్యకారులు నెలల తరబడి తిరిగి రారు. వీళ్ళందరినీ మీ కాగితాల్లో "ఫాలోఅప్‌కి రాలేదు" అని ఒక గడిలో వేసేస్తారు. బస్సు చార్జీతో పాటు ఆ రోజు కూలి కూడా ఇస్తే ఆ గడి చాలా వరకు ఖాళీ అవుతుంది. డబ్బిచ్చి ఆశ పెట్టినట్టవుతుందని ఎథిక్స్ కమిటీలో ఎవరైనా అంటే, పోయిన కూలి ఇవ్వడం ఆశ పెట్టడం కిందికి రాదని దయచేసి చెప్పండి.

ఎథిక్స్ కమిటీ వారితో ప్రత్యేకంగా రెండు మాటలు. 2019 నాటి కొత్త మందుల, క్లినికల్ ట్రయల్స్ నిబంధనల ప్రకారం మీలో సగం మంది ఆ సంస్థకి చెందని వాళ్ళయి ఉండాలి, ఒకరు సామాన్య వ్యక్తి అయి ఉండాలి. ఆ సామాన్య వ్యక్తి సీటుకి రిటైర్డ్ ప్రిన్సిపాల్‌నో, ఎవరో డాక్టరుగారి స్నేహితుణ్ణో వెతక్కండి. జూట్ మిల్లులో పని చేసిన మనిషిని కూచోబెట్టండి, ఆశా వర్కర్‌ని పిలవండి. సమ్మతి పత్రం చదవలేని రోగి ఉంటే తటస్థ సాక్షి ఉండాలి, సంతకం చేసిన కాపీ రోగి చేతికి ఇవ్వాలి అని నిబంధన. ఆ సాక్షి ఆసుపత్రి జీతం తీసుకునే మనిషి కాకుండా చూడండి. ఉమ్మడి రాష్ట్రంలో ఖమ్మం జిల్లా గిరిజన బాలికలకి 2009లో గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ రాకుండా వేసే హెచ్‌పీవీ టీకా అధ్యయనం చేసినప్పుడు తల్లిదండ్రుల బదులు హాస్టల్ వార్డెన్లు సంతకాలు పెట్టిన సంగతి మీకు గుర్తుండే ఉంటుంది. ఆ రోజుల్లో చనిపోయిన కొందరు బాలికల మరణాలకి టీకాయే కారణమని విచారణలో తేలలేదు. అయినా 2010లో దాన్ని ఆపెయ్యాల్సి వచ్చింది, సంతకాల తీరుని పార్లమెంటరీ కమిటీ గట్టిగా తప్పుబట్టింది. దాని తర్వాత ఏ టీకా పేరు చెప్పినా జనం ఎంత కాలం వెనకాడారో ఫీల్డులో తిరిగిన వాళ్ళనడగండి.

సమ్మతి పత్రాల తెలుగు కూడా చూడండి. "యాదృచ్ఛికీకరణ" అని రాసిన కాగితం ఒకటి ఒకావిడ నా కౌంటరు మీదికి తెచ్చింది, "ఇదేటో సదివి సెప్పమ్మా" అని. చీటీలు తీసినట్టు ఏ గుంపులో పడతారో ముందే ఎవరికీ తెలియదు, డాక్టరుకి కూడా తెలియదు అని చెబితే రెండు నిమిషాల్లో అర్థమైంది. "అయితే నాకు మంచిది రాకపోవచ్చు" అని తనే అంది. ఏది మంచిదో ఇంకా తెలియదు కాబట్టే చూస్తున్నారని చెప్పాను. ఆలోచించుకుని వస్తానంది. ఆలోచించుకోవడానికి ఆ కాగితం ఆమె చేతిలో ఉంది, అది బాగుంది.

ఇక శ్రీకాకుళం జిల్లాలోని ఉద్దానం సంగతి. కవిటి, సోంపేట, కంచిలి, వజ్రపుకొత్తూరు వైపు కిడ్నీ జబ్బు మీద ఎన్ని బృందాలు వచ్చాయో, ఎంత రక్తం, మూత్రం, నీళ్ళు, మట్టి తీసుకెళ్ళాయో అక్కడి వాళ్ళే చెబుతారు. పలాసలో పెద్ద ఆసుపత్రి, పరిశోధన కేంద్రం వచ్చాయి, డయాలసిస్ దగ్గరికి వచ్చింది, అది పెద్ద మేలు. కానీ మా చుట్టాల ఊళ్ళో ఇప్పటికీ ఎవరైనా సూది పట్టుకుని వస్తే మొదటి మాట ఇదే: "పోయినసారి తీసుకెళ్ళిన రక్తం ఏటయింది?" మీరు రేపు కాళ్ళ కోసం వచ్చినా అదే అడుగుతారు. రిపోర్టు మనిషి చేతికివ్వడం, ట్రయల్ అయిపోయాక కూడా పుండు మానే దాకా డ్రెస్సింగ్, కట్టు ఆగకుండా చూడటం మొదటి రోజే కాగితం మీద రాసి పెట్టండి. ట్రయల్స్ రిజిస్ట్రీలో పేరు నమోదు చేస్తారు కదా, ఆ నంబరు కూడా రోగి కాగితం మీద ఉండనివ్వండి. ఇంటర్ చదివే మనవడు ఫోనులో చూసి చెబుతాడు.

నా వైపు నుంచి నేను చెయ్యగలిగింది చెబుతాను. ప్రోటోకాల్, అంటే ట్రయల్ ఎలా చేస్తారో రాసే కాగితం, ముసాయిదా దశలో ఉండగానే తెలుగులో ఒక పేజీ రాసి పంపితే, మా షాపుకి వచ్చే నలుగురు రోగులకి చదివి వినిపించి వాళ్ళేమన్నారో రాసి పంపుతాను. ఏ కంపెనీ స్టాకింగ్స్ వాడినా నాకు కమీషన్ అక్కర్లేదు, ఆ వ్యవహారానికి నన్ను దూరంగా ఉంచండి. కొలతలు తియ్యడానికి ఆదివారం పొద్దున్న షాపు వెనక గది ఇస్తాను. ఫలితం వచ్చాక, మంచైనా చెడైనా, పెద్ద అక్షరాల్లో ఒక కాగితం పంపండి. కౌంటరు పక్క గోడ మీద షుగర్ చార్టు ఉన్న చోట అంటిస్తాను, ఆ చార్టు ఎలాగూ పాతబడింది.

ఇట్లు,
ఒక ఫార్మసిస్టు,
విజయనగరం